విని వ్రాసిన దొర: చార్లెస్ ఫిలిప్ బ్రౌను

1820వ సంవత్సరమున కడప పట్టణమునకు ఇరువదిరెండేండ్లు నిండని ఆంగ్ల యువకు డొకడు కలెక్టరునకు సహాయోద్యోగిగా వచ్చి చేరెను. నిజాము దత్తమండలములను తూర్పు ఇండియా కంపెనీకి ఒప్పగించి అప్పటికి ఇరువది సంవత్సరములైనది. ఊరి నానుకొని పాలకొండలు, ఉత్తరమున పెన్న, చుట్టును ఎఱ్ఱనేలలు, నల్లరేగళ్లు. అట్టి సీమలో ఆనాటి దినచర్య యంతయు చెవికి తెలిసిపోవునదిగా నుండెను. తెల్లవారక మునుపే ఇంటింట తిరుగలి రొద, రోకటి పోటు. పొద్దు పొడుచునప్పటికి బావులమీద కపిల గిలకలు కిఱ్ఱుకిఱ్ఱుమనుట, ఎద్దులను తోలువాని పదము, తోలుబాన ఒక్కమాఱుగా కుమ్మరించిన నీటి ధ్వని. ఒకవంక దేవుని కడప గుడిగంట, మఱియొకవంక మసీదునుండి నమాజు పిలుపు. కచ్చేరిలో రూపాయలను ఱాతిమీద వైచి చెవియొగ్గి వినుచు మంచిచెడ్డలు తేల్చు సరాఫు. ఊరిలో జమాబంది చాటింపు వేయుచు పోవు తలారి తప్పెట.

ఈ శబ్దములన్నియు ఆ యువకుని చెవిని బడినవే. అయితే శబ్దము చెవిని బడుట వేఱు, దానిని వినుట వేఱు. కోడి కూసిన తెలుగువానికి కొక్కొరోకో యని వినవచ్చును. అదే కూత ఆంగ్లేయుని చెవికి కాక్-ఎ-డూడుల్-డూ యని తోచును. కాకి మనకు కావుకావు మనును, వారికి కేవలము కా యనును. మన గంట గణగణ మ్రోగును, వారి గంట డింగ్ డాంగ్ అని పలుకును. కోడి మాఱలేదు, గంట మాఱలేదు. ప్రతివాడును తన తల్లిభాషలోని అక్షరములతోనే లోకమును వినుచున్నాడు. కోడికూతలోనే ఇంత భేదమున్నప్పుడు పరభాష మాటలను వినుటలో ఎంత భేద ముండవలెను! ఆ భేదమును దాటుటకై తన ఆయుస్సులో ముప్పది యేండ్లకు పైగా వెచ్చించినవాడు చార్లెస్ ఫిలిప్ బ్రౌను. తెలుగువా రాయనను బ్రౌను దొర యనిరి.

ఆయన 1798వ సంవత్సరము నవంబరు 10వ తేదీన కలకత్తాలో జన్మించెను. తండ్రి డేవిడ్ బ్రౌను క్రైస్తవ మతగురువు, పలుభాషలు నేర్చినవాడు, ఫోర్టు విలియము కళాశాల పెద్దలలో ఒకడు. కుమారులకు చిన్ననాటనే తూర్పుదేశపు భాషలు నేర్పించెను. ఇది బ్రౌను జీవితమున చిన్న విషయముగా కనబడును గాని చిన్నది కాదు. ఇంగ్లండులోనే పెరిగిన చెవికి త అనినను ట అనినను నొకటియే. దానికి మాట యేదో మాత యేదో తెలియదు, పాటకును పాతకును భేదము లేదు. కఖలకు నడుమనున్న ఊపిరి దానికి అందదు. గడి, గడ్డి అను రెంటిలో ఒత్తు ఎక్కడనున్నదో అది పట్టుకొనలేదు. కలకత్తా వీధులలో పెరిగిన బాలుని చెవి మాత్రము ఇట్టి భేదములకు అలవాటు పడియుండును. 1812లో తండ్రి గతించుటతో కుటుంబము ఇంగ్లండు చేరెను. కంపెనీ కొలువునకు పోవువారిని తయారుచేయు హెయిలీబరీ కళాశాలలో బ్రౌను చదువుకొని, 1817 ఆగస్టులో చెన్నపట్టణమున ఓడ దిగెను.

అక్కడ కోట కళాశాలలో ఆయనకు తెలుగు నేర్పినవారు వెలగపూడి కోదండరామ పంతులుగారు. మూడేండ్ల చదువు. 1820లో పరీక్ష యైన పిమ్మట, అప్పుడే గవర్నరైన సర్ థామస్ మన్రో ఆ యువోద్యోగులకు ప్రజల భాష తెలియనిదే పరిపాలన సాగదని హితవు చెప్పెను. మన్రో దత్తమండలములలో ఏడేండ్లు కలెక్టరుగా నుండి ఊరూర డేరా వేసికొని రైతులతో ముఖాముఖి మాటలాడినవాడు గనుక ఆయన చెప్పిన మాటకు బరువుండెను. ఈ సీమలో బిడ్డలకు మండ్రోలప్ప యని పేరు పెట్టుకొనినవారు నుండిరి. మన్రో యను పేరు రాయలసీమ నోటిలో ఎట్లు మండ్రోలప్ప యైనదో ఆలోచించినచో, చెవి పరభాషను తన యచ్చులో పోసికొను రీతి తెలియగలదు. దొరలును మనకు ఏమియు తక్కువ చేయలేదు. మచిలీపట్టణమును మసులిపటామ్ అనిరి. కడపకు వారు వ్రాసిన ఇంగ్లీషు అక్షరములను కూడబలికిన కడ్డపా యగుచుండెను. అది సర్కారు కాగితములలో 2005వ సంవత్సరమున గాని సరిదిద్దబడలేదు.

కడప చేరిన బ్రౌనునకు కలిగిన మొదటి అనుభవము, తాను చదివిన తెలుగు ఇక్కడ ఎవ్వరును మాటలాడుట లేదనునది. ఇది ఆ కళాశాల తప్పనుటకు లేదు. ఆ కాలమున తెలుగు నేర్చుట యనగా కావ్యములు, నిఘంటు శ్లోకములు నేర్చుటయే. పండితుడు చేయుచున్నాడు అని చెప్పించినదానిని కడప రైతు చేస్తాండాడు అనును. చేయుచున్నాడు అను మాటనే ఎదురుచూచు చెవి ఆ రైతు మాటను మాటగానే గుర్తింపదు; అది దానికి వట్టి చప్పుడు. కలెక్టరు హాన్బరీ తెలుగు చక్కగా మాటలాడ నేర్చినవాడు. కచ్చేరి వ్యవహారము తెలుగుననే నడచుచుండెను. చుట్టును అందఱును మాటలాడుచుండగా పుస్తకపు తెలుగుతో నోరు మూసికొని కూర్చుండుట ఏ యువకునికైనను నగుబాటే. బ్రౌను తిరిగి మొదటినుండి నేర్వవలసి వచ్చెను. ఈమాఱు కన్నులతో గాక చెవులతో నేర్చెను. మఱుసటి యేడు, అనగా 1821లో, ఆయన తన వ్రయముతో కడపలో రెండు ధర్మబడులు పెట్టించెను.

అక్షరమునకును ధ్వనికిని గల సంబంధమును గూర్చి ఇచ్చట కొంచెము విపులముగా చెప్పుట అవసరము, బ్రౌను పనియంతయు దానిమీదనే నిలిచినది గనుక. చలి అనునప్పటి చకారమును చిలుక అనునప్పటి చకారమును ఒక్కటి కావు. జాము, జింక అను మాటలలోని జకారములును ఒక్కటి కావు. తెలుగుబిడ్డ ఈ భేదమును తల్లి ఒడిలోనే నేర్చి, అట్టి భేదమొకటి కలదని ఎఱుగకయే జీవితమంతయు సరిగా పలుకును. తెలుగువాని చెవికి ఆ భేదము వినబడుచునే యుండును, కాని ఆతడు దానిని వినుచున్నానని యెఱుగడు. పరదేశీయునికి మాత్రము అది అడుగడుగున ముల్లువలె తగులును. బ్రౌను నిఘంటువు తెఱచినచో కొన్ని చకార జకారములపై తెలుగు రెండంకె వంటి చిన్న గుర్తు, ౘ, ౙ అని, కనబడును. ఏ చకారమును ఎట్లు పలుకవలెనో చెప్పుట కది గుర్తు.

దీనికి విపరీతమైన సంగతియు కలదు. అరసున్న, బండి ఱ వ్రాతలో నిలిచినవి గాని నోటిలో ఏనాడో నశించినవి. పండితుడు వానిని చెవితో గుర్తింపలేడు, గుర్తుంచుకొని వ్రాయును. మాటలో వినబడని ఇట్టి గుర్తులపై బ్రౌనునకు మక్కువ లేదు. అట్లే పాత కైఫీయతులను, గ్రామలెక్కలను తిరుగవేసినవారు వొక, యిచ్చి, యేమి అను వ్రాతలను చూచియుందురు. అవి కరణముల తప్పులని బడిపంతుళ్లు నవ్వుదురు. నిజమునకు ఒక యనుమాట నోటినుండి వెడలునప్పుడు దాని ముందు వకారపు నీడ కలదు, ఇచ్చి యనుదాని ముందు యకారపు నీడ కలదు. కరణము వినినది వినినట్లు వ్రాసినాడు. బ్రౌను అచ్చువేయించిన కథల పుస్తకములలో ఇట్టి వ్రాత లున్నవి. ఆయన జీవితమును గ్రంథభాషలో చదువుట చూచినచో ఆ దొర ముసిముసి నవ్వు నవ్వియుండునేమో!

1822లో ఆయనకు మచిలీపట్టణమునకు బదిలీ యయ్యెను. ఆ పిమ్మట రాజమహేంద్రవరమునను కొలువు చేసెను. మచిలీపట్టణమున నున్నపుడే, 1824లో, ఫ్రెంచి మతగురువు దుబాయి హిందువుల ఆచారములను గూర్చి వ్రాసిన గ్రంథమున వేమన పేరు చూచెను. ఇది వింతగొలుపు విషయము. వేమన పద్యము రాని తెలుగుబిడ్డ యుండడు. కడప వీధులలో బిచ్చగాండ్రు, జంగములు, బండి తోలువారు నిత్యము పాడుచుండిన పద్యములు రెండేండ్లు ఆయన చుట్టును మ్రోగియుండవలెను. అయినను ఫ్రెంచివాని పుస్తకములో పేరు కనబడు వఱకు ఆయన చెవి వానిని పట్టుకొనలేదు! పండితులు వానిని కవిత్వమని చెప్పలేదు గనుక చెవి వానిని కవిత్వముగా వినలేదు. పండితుల చెవులును అట్లే మూసికొనియుండెను. వారు ఆ పద్యములు ఎఱుగనివారు కారు. ఎఱిగియు లెక్క పెట్టినవారు కారు.

అటుపై బ్రౌను వేమన పద్యముల ప్రతులకై వెదకించెను. తాటాకు ప్రతులును కాగితపు ప్రతులును వచ్చిపడెను. ఒకదానితో నొకటి సరిపడలేదు. ఒక ప్రతిలో నున్న పద్యము మఱియొక దానిలో లేదు; ఉన్నను పాదములు వేఱు, మాటలు వేఱు. దీనికి కారణము ఊహింప కష్టము కాదు. ఈ పద్యములు చేతినుండి చేతికి గాక నోటినుండి చెవికి, చెవినుండి నోటికి వచ్చినవి. ఒక్కొక్క వ్రాయసగాడు తన ఊరిలో తాను వినినట్లు వ్రాసికొనెను. బ్రౌను ఆ ప్రతులను పోల్చి, 1829లో 693 పద్యములను ఇంగ్లీషు అనువాదముతో అచ్చు వేయించెను. 1839లో మరల 1,164 పద్యములతో ప్రకటించెను. నోటిలో నలిగిన వేమన పుస్తకములో నిలిచినది ఆనాటినుండియే. అయితే ఏ పద్యము వేమనది, ఏది ఆయన పేర ఇతరులు కట్టినది యను చిక్కు అప్పుడు తీరలేదు, ఇప్పటికిని పూర్తిగా తీరలేదు.

1826లో మరల కడపకు వచ్చిన బ్రౌను అక్కడ తోటతో కూడిన ఒక బంగళా కొని, దానిలో పండితులను, వ్రాయసగాండ్రను కూర్చుండబెట్టెను. జనులు దానిని బ్రౌను కాలేజి యనిరి. అయోధ్యాపురము కృష్ణారెడ్డిగారు దాని వ్యవహారమును చూచుచుండిరి. ఊరూరికి మనుష్యులను పంపి కావ్యముల తాటాకు ప్రతులు తెప్పించి, కాగితములపై నెత్తి వ్రాయించి, పాఠములు పోల్పించి, తప్పులు దిద్దించి, వ్యాఖ్యానములు వ్రాయించుట అక్కడి పని. ఆ కాలమున తాటాకు చదువుట యనగా గొంతెత్తి చదువుటయే గనుక ఆ బంగళా వసారా ఎంత రొదగా నుండెనో ఊహించుకొనవచ్చును. ఈ పని లేకున్నచో తెలుగు కావ్యములు పెక్కు చెదలపాలై యుండెడివి. జీతముల కన్నిటికిని బ్రౌను తన సొమ్మే ఇచ్చెను. సొమ్ము చాలనప్పుడు అప్పు చేసెను.

తన సొమ్ము అనునప్పుడు ఒక లెక్క చూడక తప్పదు. కంపెనీ యుద్యోగికి జీతము వచ్చునది ఖజానానుండి. ఖజానాకు వచ్చునది శిస్తునుండి. శిస్తు వచ్చునది వాన పడిన పడినట్లు, లేకున్న లేనట్లు పండు ఈ మెట్టనేలలనుండి. కావున కడప బంగళాలో పండితుడు తిన్న అన్నము కడప రైతు పండించిన జొన్నయే. అదే శిస్తునుండి అదే జీతము పుచ్చుకొనిన దొరలు ఎందఱో వచ్చిరి, పోయిరి. వారిలో అధికులు దానిని గుఱ్ఱములకును విందులకును వెచ్చించి మిగిలినది మూటగట్టుకొని ఓడ యెక్కిరి. కొంతయైనను పుస్తకరూపమున ఇక్కడనే వదలిపోయినవారు మిక్కిలి తక్కువ.

1832–33లో, నందన నామ సంవత్సరమున, గుంటూరు సీమను ఘోరమైన కరువు క్రమ్మెను. జనులు వేలకువేలు మడిసిరి. బ్రౌను అప్పుడు ఆ ప్రాంతమున కొలువులో నుండెను. పైవారి కాగితములకు స్కేర్సిటీ, అనగా కొరత, అను మాట యింపుగా నుండెను. బ్రౌను ఫామిన్ అనియే, అనగా కరువనియే, వ్రాసెను. అది పైవారికి రుచింపలేదని ఆయన చరిత్రకారులు చెప్పుదురు. కరువు తెలిసిన సీమవారికి ఈ రెండు మాటల తేడా విప్పి చెప్ప నక్కఱలేదు. కొరత యనినచో లెక్కలు వ్రాసికొని ఊరకుండవచ్చును. కరువనినచో గింజలు తెప్పింపవలెను. వీధిలో వినబడిన మాటనే కాగితముమీద పెట్టుట వలన కలుగు చిక్కు ఆయనకు అప్పుడు తెలిసివచ్చియుండును.

1834లో ఆయన ఉద్యోగము పోయెను. 1835లో ఇంగ్లండునకు పోయెను. అక్కడను ఊరకుండక, లండనులోని ఇండియా హౌసు పుస్తకశాలలో మూలబడియున్న దక్షిణదేశపు వ్రాతప్రతులను వెదకి, ఆచార్య విల్సను సహాయమున 2,000కు పైగా మద్రాసునకు పంపించెను. తెలుగు అక్షరము తెలియనివారి నడుమ ఆ ప్రతులు మూగవై పడియుండెను. తరువాతి కాలమున ఇవియు, ఆయన సేకరించిన ఇతర ప్రతులును మద్రాసులోని ప్రాచ్యలిఖిత పుస్తకశాలకు చేరినవి. మరల మద్రాసు వచ్చి పారసీక భాషాంతరీకర్తగా, తపాలాశాఖ ముఖ్యాధికారిగా, తెలుగు భాషాంతరీకర్తగా పని చేయుచు, మిగిలిన వేళను తెలుగునకిచ్చెను. 1840లో వ్యాకరణము వెలువడెను. జూలూరి అప్పయ్య శాస్త్రిగారి వ్యాఖ్యానములతో 1844లో వసుచరిత్రమును, 1851లో మనుచరిత్రమును అచ్చయ్యెను.

ఆయనకు శాశ్వతకీర్తి తెచ్చినవి 1852–54 నడుమ ప్రకటితములైన మూడు నిఘంటువులు. అంతకు మునుపు మన నిఘంటువులు పద్యము వ్రాయువానికి పనికివచ్చునవి. చంద్రునకు ఎన్ని పేర్లు, తామరకు ఎన్ని పేర్లు అని వానియందు చూడవచ్చును గాని రోకలి పోటును, గిలక మ్రోతను, ఎద్దును అదలించు మాటను వానియందు వెదకిన దొరకవు. బ్రౌను కావ్యపదముల ప్రక్కనే సంతలో వినిన మాటను, న్యాయస్థానమున సాక్షి చెప్పిన మాటను, వంటయింటి మాటను, తిట్టును సహితము చేర్చెను.

ఆయన నిఘంటువున శబ్దములను అనుకరించు మాటలు ఎన్ని యున్నవో చూచిన ఆశ్చర్యము కలుగును. గలగల, గణగణ, జలజల, చిటపట, కిచకిచ, కిలకిల, గుసగుస, బుడబుడ మున్నగునవి పండితుల దృష్టిలో మాటలే కావు, పిల్లలాటలు. కాని తెలుగువాడు లోకమును వినునది వీనితోనే. నాణెములు గలగలలాడును, ఆకులు గలగలలాడును, ఏఱు గలగల పాఱును, మనిషి గలగల మాటలాడును. ఈ నాల్గింటిని ఒక్క మాటతో కట్టిన చెవి తెలుగు చెవి. పండుటాకులు జలజల రాలును, కన్నీరును జలజల రాలును. ఆకు రాలునప్పుడు నిజముగా అంత సద్దగునా యని అడిగిన చెప్పుట కష్టము. కన్నీరు రాలునప్పుడు అసలు చప్పుడే లేదు. అక్కడ చెవికి వినబడనిదానిని భాష వినిపించుచున్నది.

చప్పుడు తెలుపు మాటలలో మాత్రము ఎన్ని తారతమ్యములు! రాత్రి కావలివాడు వినునది అలికిడి. వాకిట అడుగుల సవ్వడి. పెండ్లియింట సందడి. తిరుగలికి, తేనెటీగలకు రొద. డప్పునకు మ్రోత. పిల్లలకు గోల. రాత్రి ఊరు నిద్రపోయినప్పుడు మణగునది సద్దు. ఈ మాటలను తాఱుమాఱు చేసినచో ఏడేండ్ల పిల్లయు నవ్వును. ఇట్టి భేదములను ఇంగ్లీషు మాటలలో విడమఱచి చెప్పబూనిన పరదేశీయుని ఓర్పు ఎట్టిదో ఆలోచింపుడు. ఒక మాటకు పండితుడు చెప్పిన అర్థముతో తృప్తిపడక, అది ఎవరు, ఎప్పుడు, ఎట్లు వాడుదురో ఆయన అడుగుచు పోవలసి వచ్చెను.

మూడవది మిశ్రభాషా నిఘంటువు. చిన్న పుస్తకము, పండితులకు అన్నిటికంటె హేయమైనది, గ్రామోద్యోగులకు మాత్రము అన్నిటికంటె దగ్గఱిది. హిందూస్థానీ, పారసీకము, ఇంగ్లీషు మున్నగు భాషలనుండి వచ్చి తెలుగు కచ్చేరీలలో కాపురమున్న మాటలను ఆయన దానియందు కూర్చెను. జమాబంది, ఫసలీ, అర్జీ, తహశ్శీలు, దస్తావేజు వంటి మాటలు లేక శిస్తు లెక్క ఒక్క వరుస కూడ సాగదు. ఇవి తెలుగు కావని పండితులు త్రోసివేయవచ్చును. కాని రైతు అర్జీ యనును, విజ్ఞాపన పత్రమనడు. పరభాష మాట తెలుగు చెవిలోబడి తెలుగు తోక తగిలించుకొని కలెక్టరు, జిల్లా, తాలూకా యని బయటికి వచ్చినప్పుడు అది తెలుగువాని సొత్తే యని బ్రౌను గ్రహించెను. నవాబుల పాలనలో చిరకాలమున్న కడపలో ఈ కలగలుపు వీధి వీధిని వినబడునది. హిందూస్థానీ బాల్యముననే నేర్చిన ఆయనకు అది తప్పుగా గాక సహజముగా వినబడియుండును.

ఇట్లే ఆయన తాతాచారి యను కథకుడు నోటితో చెప్పిన కథలను చెప్పినట్లే వ్రాయించి 1855లో అచ్చు వేయించెను. అవి కచ్చేరి తగవులు, మోసములు, ఊరి వింతలు, మాట వాడుకమాట. వాడుకభాషకై గిడుగు రామమూర్తి పంతులుగారు ఉద్యమము సాగించుటకు ఇది అర్ధశతాబ్ది ముందటి మాట. కాని కాలము బ్రౌను వంక తిరుగలేదు. 1853లో వెలువడిన చిన్నయ సూరి నీతిచంద్రిక సొగసునకు విద్యావంతులందఱును లొంగిరి. బడులలో సూరి భాష నిలిచెను. తాతాచారి కథలు మూలబడెను. సూరి వచనపు అందమును కాదనుట ఎవరి తరమును కాదు. అయినను ఒకటే యింటిలో రెండును ఇమిడియుండ వచ్చునను మాట ఆనాటివారికి తోచలేదు.

బ్రౌనునందు దోషములు లేకపోలేదు. ఆయనకు కోప మెక్కువ, నోటి దురుసు ఎక్కువ. తనకు చదువు చెప్పిన పండితులనే అక్కడక్కడ తూలనాడెను. వారి శ్రమలో గొప్పభాగము ఆయన పేరిట చెల్లిపోయినది. జూలూరి అప్పయ్య శాస్త్రిగారివంటి కొందఱి పేర్లు మాత్రము నిలిచినవి. తాటాకులమీద కన్నులు పోగొట్టుకొనిన వ్రాయసగాండ్ర పేర్లు పెక్కు నిలువలేదు. వేమన పద్యములలో తనకు మోటుగా తోచినవానిని విడిచెను. దొర చెవి ఎంత తెలుగు నేర్చినను దొరచెవియే. ఆయన యడిగిన ప్రశ్నకు ఎదుట నిలిచిన పేదరైతు నిర్భయముగా తన మాటలోనే బదులు చెప్పెనో, దొర మెప్పునకై మాట దిద్దుకొని చెప్పెనో, ఎవ్వరు చెప్పగలరు? ఇట్టి సందేహము లున్నను, ఆ నిఘంటువు తెఱచినపుడెల్ల నూటడెబ్బదియేండ్ల నాటి నోళ్లు అందులో మాటలాడుచుండుట మాత్రము నిజము.

ఆయన వివాహము చేసికొనలేదు. ఉద్యోగ విరమణానంతరము 1855లో ఈ దేశము విడిచి లండనులో స్థిరపడెను. 1865 మొదలు అక్కడి యూనివర్సిటీ కాలేజిలో తెలుగు ఆచార్యుడుగా నుండెను. తెలుగు పలుకు వినబడని ఊరిలో తెలుగు చెప్పుచు, తన పుస్తకములు దిద్దుకొనుచు, 1884 డిసెంబరు 12వ తేదీన మరణించెను. లండనులోని కెన్సల్ గ్రీన్ శ్మశానమున ఆయన సమాధి కలదు.

కడప బంగళా చేతులు మాఱి పాడుపడి గోడలు కూలెను. ఇరువదవ శతాబ్ది ద్వితీయార్ధమున బంగోరె యను పేర ప్రసిద్ధుడైన బండి గోపాలరెడ్డిగారు బ్రౌను జాబులను వెలికి తీసి ప్రకటించిరి. జానమద్ది హనుమచ్ఛాస్త్రిగారు ఊరూర తిరిగి చందాలు ప్రోగుచేసి, ఆ బంగళా యుండిన చోటనే బ్రౌను పేర గ్రంథాలయమునకు పూనుకొనిరి. 1987లో శంకుస్థాపన జరిగెను. 1995లో గ్రంథాలయము తెఱవబడెను. తరువాత అది భాషాపరిశోధన కేంద్రమై, వేమన పేరనే వెలసిన కడప విశ్వవిద్యాలయమున కలిసెను. ఆయన నిఘంటువును పండితులు బ్రౌణ్యమనిరి. బ్రౌన్ అను ఇంగ్లీషు పేరు, కాణ్వము, గాణాపత్యము అనునట్లు, సంస్కృతపు అంగవస్త్రము కప్పుకొని తెలుగు చెవికి ఇంపైనది. పల్లెటూరి గ్రంథాలయములలో సహితము బీరువా క్రింది అరలో, బరువుచేత, అది కనబడును.

నేడు కడప సీమలో కపిలలు లేవు. బావులమీదికి నూనె ఇంజనులు వచ్చినవి, వాని తరువాత విద్యుత్తు మోటారులు, బోరుబావులు వచ్చినవి. తిరుగళ్లు వసారాలో బోర్లించి యున్నవి. గిలక కిఱ్ఱుమనుట వినిన చెవులు పెద్దలలో మాత్రమే మిగిలినవి. బ్రౌను బంగళా యుండిన దారిలో ఇప్పుడు ఆటోలు, బస్సులు, మోటారుసైకిళ్లు హారన్లు మ్రోగించుచు పోవును. ప్రతివాని జేబులోను సెల్‌ఫోను మ్రోగును. మిశ్రభాషా నిఘంటువు అచ్చయిన నాటికి ఆ మాటలు తెలుగు కచ్చేరికి రాలేదు.